సొట్ట లేని బండి



ఈ వారం ఒక బొమ్మ గురించి రాస్తున్నాను. మన పాత పికప్ బండి బొమ్మ. కొన్ని నెలలుగా నేను వరండాలో కూర్చుని దాన్ని చేస్తున్న సంగతి మీలో చాలామందికి తెలుసు. "అయ్యగారికి ఈ వయసులో బొమ్మలాటలేంటి?" అని కొందరు నవ్వుకున్నారు. సంఘ పెద్దల్లో ఒకాయన మాత్రం నవ్వలేదు. రెండవ ఆజ్ఞ గుర్తుచేసి, "పోయిన బండికి రూపం చేసి మందిరం పక్కన పెట్టుకోవడం దేనికండీ?" అని సూటిగా అడిగారు. అలా అడిగినందుకు ఆయనకు కృతజ్ఞుణ్ణి. ఆయనకు జవాబు చెప్పాలని మొదలుపెట్టిన ఈ వ్యాసం, చివరికి నేను ఆయనకే కాక మీ అందరికీ చెప్పాల్సిన ఒక మాట దగ్గరికి వచ్చి ఆగింది.

ఆ బండి మీకు గుర్తుండే ఉంటుంది. తెల్ల మహీంద్రా పికప్. 2009లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అప్పటికి మన సంఘం నలభై కుటుంబాలు. కానుకల మీదే ఆధారపడితే సంఘానికి భారం అవుతానని, పౌలు డేరాలు కుట్టుకున్నట్టు నేనూ కిరాయిలు తోలుకున్నాను. వేసవిలో నూజివీడు మామిడికాయలు నున్న మార్కెట్‌కు, మిగతా కాలంలో కూరగాయలు, పెళ్లిళ్లకు కుర్చీలు, షామియానాలు, వంటపాత్రలు. మన మందిరానికి వేసిన ఇటుక, ఇసుక, రేకులు అన్నీ దాని తొట్టిలో వచ్చినవే. కొందరి పెట్టెలు సమాధుల తోటకు వెళ్లిందీ అందులోనే. నుదుటి మీద "యెహోవా యీరే" అని ఎర్ర రంగుతో రాయించాను. 2019లో అమ్మేశాను. 2023లో ఒక పని మీద విజయవాడ ఆటోనగర్ వెళ్తే, పాత ఇనుము కొట్టు ముందు దాని క్యాబిన్ ఒక్కటే కనబడింది. ఇంజనూ లేదు, తొట్టీ లేదు. ఎండకు వెలిసిపోయిన ఎర్ర అక్షరాల్లో "యీరే" అన్నది మాత్రం చదవడానికి వచ్చింది. ఇంటికి వచ్చాక రెండు రోజులు అన్నం సయించలేదు. అప్పుడే అనుకున్నాను, దీన్ని చిన్నదిగా అయినా చేసి పెట్టుకోవాలని.

అడుగుకు అంగుళం చొప్పున లెక్క పెట్టుకున్నాను. అంటే అసలు బండిలో పన్నెండో వంతు. మన ఊళ్లో మామిడి వ్యాపారి దగ్గర అలాంటి బండే ఉంటే, టేపు పట్టుకుని వెళ్లి అంతా కొలిచాను. తొట్టి 8 అడుగుల పొడవు, అయిదున్నర అడుగుల వెడల్పు. బొమ్మలో 8 అంగుళాలు, అయిదున్నర అంగుళాలు. టైరు మీద 215/75, 15 అని అంకెలుంటాయి. 215 మిల్లీమీటర్ల వెడల్పు, ఆ వెడల్పులో 75 శాతం పక్క గోడ ఎత్తు, లోపల 15 అంగుళాల రిమ్ము. లెక్క వేస్తే టైరు మొత్తం ఎత్తు దాదాపు 28 అంగుళాలు, బొమ్మలో రెండుంపావుకు కాస్త ఎక్కువ. పాత హవాయి చెప్పుల అడుగులు గుండ్రంగా కోసి, రెండేసి కలిపి అతికించి, 18 మిల్లీమీటర్ల మందానికి వచ్చేదాకా గరుకు కాగితంతో అరగదీశాను. చిన్నప్పుడు మనందరం చెప్పులు కోసి చక్రాలు చేసుకున్నవాళ్లమే గదా.

క్యాబిన్, తొట్టి 3 మిల్లీమీటర్ల సన్‌బోర్డుతో చేశాను. మాత్రల పట్టీల బుడగలు హెడ్‌లైట్లు అయ్యాయి. కొత్త చొక్కా పెట్టెకు వచ్చే ప్లాస్టిక్ కాగితం ముందు అద్దం. పిన్నీసులు వంచి తాళ్లు కట్టే కొక్కేలు. అట్టపెట్టెలకు బిగించే ఇనుప పట్టీ కత్తిరించి, ఒకదాని కింద ఒకటి పొట్టి అయ్యేలా పేర్చి వెనక కమాన్ కట్టలు. లప్పం పెట్టి, ఆరాక నీళ్ల కాగితంతో రుద్ది, మళ్లీ లప్పం పెట్టి తెల్ల రంగు కొట్టాను. "యెహోవా యీరే" రాయడానికి ఒక సాయంత్రమంతా పట్టింది. చేతులు వణికి మూడుసార్లు తుడిచి రాశాను.

ఇప్పుడు పెద్దాయన ప్రశ్నకు వస్తాను.

మన దేవుడు కొలతల దేవుడు. ఓడకు 300 మూరల పొడవు, 50 మూరల వెడల్పు, 30 మూరల ఎత్తు అని చెప్పినవాడు. మందసానికి రెండున్నర మూరల పొడవు చెప్పినవాడు. కొండ మీద మోషేకు మాదిరి చూపించి, దాని ప్రకారమే చేయమన్నాడని నిర్గమకాండము 25లో చదువుతాం. బెసలేలుకు ఇచ్చిన చేతిపని నేర్పు దేవుని ఆత్మ వల్ల కలిగిందని 31వ అధ్యాయం చెబుతుంది. కాబట్టి కొలిచి, కోసి, అతికించి ఒక వస్తువు చేయడం భక్తికి వెలుపలి పని కాదు. కొండపల్లి వాళ్లు తెల్ల పొణికి కర్ర చెక్కి, చింతగింజల జిగురూ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో ముక్కలు అతికించి ఎడ్లబండి చేస్తే, అది మన ఇళ్లల్లో టీవీ పక్కన పెట్టుకుంటాం. ఎవరూ దాన్ని విగ్రహం అనలేదు. ఒకప్పుడు మన తాతలకు ఎడ్లబండి ఎలాగో మనకు పికప్ అలాగ. అందులో తప్పు నాకు కనబడదు.

అయితే పెద్దాయన భయం ఉత్త భయం కాదు. సంఖ్యాకాండము 21లో దేవుడు చెప్పగా మోషే చేసిన ఇత్తడి సర్పాన్ని, 2 రాజులు 18లో హిజ్కియా పగలగొట్టాడు. చేసినప్పుడు అది మంచి వస్తువే. తరవాతి తరాలు దానికి ధూపం వేశాయి. అంటే వస్తువు రూపం ఒక్కటే చూస్తే సరిపోదు, అది మన చేత ఏం చేయిస్తోందన్నది కూడా చూడాలి. నా బొమ్మ నా చేత ఏం చేయించిందో ఇప్పుడు చెప్పాలి.

బొమ్మ పూర్తయిన ఆదివారం ఆరాధన తరవాత సండే స్కూలు పిల్లలకు చూపించాను. అందరూ తలుపులు తీసి చూశారు, చక్రాలు తిప్పారు. ఒక పాప మాత్రం ఎడమ పక్కకు వంగి తొట్టి రేకును వేలితో తడిమింది. తొమ్మిదేళ్లుంటాయి.

"అయ్యగారండీ, మా నాయనమ్మ పడిన బండి ఇదేనా?"

"అవునమ్మా, ఇదే."

"మరి సొట్ట లేదేంటండీ? నా కాలంత సొట్ట పడిందని మా నాయనమ్మ చెప్పేది."

నా దగ్గర జవాబు లేదు. "ఇంకా పని అవలేదమ్మా" అన్నాను. అది అబద్ధం. పని అయిపోయిందనే నేను అనుకున్నాను.

ఆ సొట్ట కథ మీకు తెలుసు. నేనే చాలాసార్లు చెప్పాను. 2014లో ఉజ్జీవ సభల నుంచి రాత్రి తిరిగి వస్తుంటే, సాగర్ కాలవ గట్టు మీద లైట్లు లేని ట్రాక్టరు ఎదురొచ్చింది. పక్కకు తిప్పాను. ఎడమ చక్రాలు మెత్తటి మట్టిలోకి దిగి, బండి ఒరిగి, కాలవలో పడకుండా ఒక తాడిచెట్టుకు ఆనుకుని ఆగింది. 22 మందిమి బతికాం. దేవుడు మా కోసం ఏనాడో ఆ తాడిచెట్టును అక్కడ నిలబెట్టాడని సాక్ష్యం చెప్పాను. జనం చప్పట్లు కొట్టారు. వేరే ఊళ్ల సంఘాలు కూడా పిలిచి ఆ సాక్ష్యం చెప్పించుకున్నాయి. తాడిచెట్టు సాక్ష్యం అంటే చుట్టుపక్కల నాకు పేరు వచ్చింది.

ఆ సాక్ష్యంలో నేను చెప్పని సంగతులు నాలుగున్నాయి. ఈ రోజు చెబుతున్నాను.

బయలుదేరే ముందు ఒక సంఘ పెద్ద నన్ను ఆపి, "అయ్యగారూ, ఇంతమంది వద్దు, రెండు ట్రిప్పులు వేద్దాం" అన్నారు. డీజిలు దండగని నేను వినలేదు. ఇది మొదటిది. సరుకుల బండిలో మనుషుల్ని ఎక్కించడానికి చట్టం ఒప్పుకోదని నాకు తెలుసు. దేవుని పనికి వెళ్తున్నాం గదా, ఆయనే చూసుకుంటాడు అనుకున్నాను. దేవాలయ శిఖరం మీద నిలబెట్టి దూకమన్నప్పుడు మన ప్రభువు ఒప్పుకోని విశ్వాసం అది. ఇది రెండవది. ఆ రోజు మూడు మీటింగులు చెప్పి అలసిపోయి ఉన్నాను, కళ్లు మూతలు పడుతున్నాయి. ట్రాక్టరుకు లైట్లు లేని మాట నిజమే. నేను మామూలుగా ఉండి ఉంటే ఇంకాస్త ముందే చూసేవాణ్ణి. ఇది మూడవది.

నాలుగవది మామ్మ సంగతి. మేము అందరం బతికాం అన్నానే గాని, ఆ పాప నాయనమ్మ తొడ ఎముక విరిగిందని ఎప్పుడూ గట్టిగా చెప్పలేదు. ఆవిడ ఎడమ పక్క రేకును ఆనుకుని కూర్చుంది. మనుషులంతా ఆవిడ మీద పడ్డారు. కట్టు కట్టించడానికి సంఘం చందాలు వేసింది. అంతటితో తీరిందనుకున్నాం. ఆ తరవాత ఆవిడ నాట్లకు వెళ్లలేదు, కలుపుకు వెళ్లలేదు. పోయిన కూలి ఎన్నేళ్లదో ఎవరూ లెక్క కట్టలేదు. మందిరంలో చాప మీద కూర్చోలేక తలుపు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేది. నేను తాడిచెట్టు సాక్ష్యం చెబుతుంటే ఆ కుర్చీలోనే కూర్చుని వినేది. ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. 2021లో ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. భూస్థాపన ప్రసంగం నేనే చేశాను. ఆవిడ ఓర్పును పొగిడాను. ఆ ఓర్పు ఆవిడకు ఎవరి వల్ల అవసరమైందో చెప్పలేదు. క్షమాపణ అడగలేదు.

అలాంటివాణ్ణి ఎన్నో నెలలు కూర్చుని ఆ బండి చేశాను. కమాన్ పట్టీలు లెక్కపెట్టాను, కొక్కేలు లెక్కపెట్టాను, టైరు అంకెలు చదివి లెక్క కట్టాను. సొట్ట మాత్రం వదిలేశాను. కావాలని వదిలేశానని కూడా చెప్పలేను. నా చెయ్యి అటు పోలేదు, అంతే. మనిషి మనసు తనకు తెలియకుండానే టింకరింగ్ పని చేసేస్తుంది, మేస్త్రి అక్కర్లేదు.

పాప వెళ్లిపోయాక ఇంకో పని చేశాను. మా ఇంట్లో ఉన్న చిన్న కర్రబొమ్మలు తొట్టిలో పెట్టి చూశాను. అడుగుకు అంగుళం లెక్కలో తొట్టి 44 చదరపు అంగుళాలు. 22 మందికి పంచితే ఒక్కొక్కరికి రెండు. అంటే అసలు బండిలో మనిషికి రెండు చదరపు అడుగులు. మామిడి పెట్టెకు అంతకంటే ఎక్కువ చోటు ఇచ్చేవాణ్ణి. తరవాత చిన్న ఇసుక మూటలు తొట్టిలో పడుకోబెట్టి, కుడి చక్రాల కింద సండే స్కూలు పాత నోటు పుస్తకాలు ఒక్కొక్కటే పెడుతూ పోయాను. ఏడు పుస్తకాల దాకా బండి నిలిచింది. మూటలు తీసి, అంతే బరువుకు కొవ్వొత్తులు నిలబెట్టాను. నాలుగో పుస్తకానికే పక్కకు వాలింది. కింద పరుచుకున్న బరువు బండిని పట్టి ఉంచుతుంది, పైకి లేచిన బరువు పడేస్తుంది. పైగా మూట పెట్టిన చోటే ఉంటుంది, మనిషి భయపడి ఒక పక్కకు ఒరుగుతాడు. అన్నేళ్లు బండి తోలిన నాకు ఇది తెలియక కాదు. బల్ల మీద కళ్లారా చూసేదాకా నన్ను నేను చూడలేదు.

ఇక్కడ నా అభిప్రాయం చెబుతాను. కొందరికి నచ్చకపోవచ్చు.

మన సంఘాల్లో సాక్ష్యాలు సొట్ట లేని బండ్లలా తయారయ్యాయి. ప్రమాదం తప్పిందని చెబుతాం, ప్రమాదం ఎందుకొచ్చిందో చెప్పం. అప్పు తీరిందని చెబుతాం, ఆ అప్పు ఏ తాగుడుకు చేశామో, ఎవరి నగ తాకట్టు పెట్టామో చెప్పం. బిడ్డ మారాడని చెబుతాం, వాణ్ణి ఎన్నేళ్లు కొట్టామో చెప్పం. దేవునికి మహిమ ఇస్తున్నామనే అనుకుంటాం. నిజానికి మనకు నష్టం లేని భాగాన్ని మాత్రమే దేవునికి ఇస్తున్నాం. అలా చెప్పిన ప్రతిసారీ తలుపు దగ్గర కుర్చీలో కూర్చున్నవాళ్లు ఒకరు ఉంటారు. మన గెలుపు కథలో వాళ్ల కాలు విరిగి ఉంటుంది.

బైబిలు అలా రాసిన పుస్తకం కాదు. దావీదు పాపం దాచలేదు. పేతురు అబద్ధం దాచలేదు. 1 సమూయేలు 6వ అధ్యాయంలో ఫిలిష్తీయులు ఏం చేశారో చూడండి. మందసాన్ని పట్టుకుపోయి తెగుళ్లపాలై, తిరిగి పంపేటప్పుడు అపరాధార్థమైన అర్పణగా ఏం పెట్టారు? తమ ఒంటి మీద లేచిన గడ్డలకు, తమ పొలాలు పాడుచేసిన పందికొక్కులకు బంగారంతో రూపాలు చేసి, కొత్త బండి ఎక్కించి పంపారు. తమను అందంగా చూపించే రూపాలు చేసుకోలేదు. తమ గాయానికి రూపం చేశారు. దేవుణ్ణి ఎరగనివారికి ఉన్న ఆ తెలివి, అన్నేళ్లు ప్రసంగాలు చేసిన నాకు లేకపోయింది.

యెహోషువ 4లో యొర్దాను నుంచి పన్నెండు రాళ్లు తెచ్చి నిలబెట్టారు. అవి ఎందుకు? రేపు మీ పిల్లలు ఈ రాళ్లేంటని అడిగితే చెప్పడానికి. జ్ఞాపకార్థం పెట్టే ఏ వస్తువుకైనా అసలు పని అదే, పిల్లల చేత అడిగించడం. నా బొమ్మ దగ్గర కూడా ఒక పాప అడిగింది. పెద్దాయన ప్రశ్నకు నా జవాబు ఇదేనండీ: మనల్ని పొగిడే రూపమైతే అది విగ్రహానికి దగ్గర, పగలగొట్టాల్సిందే. మన చేత నిజం చెప్పించే రూపమైతే దాన్ని ఉండనివ్వండి. నేను చేసింది మొదటి రకంగానే మొదలైంది. ఆ పాప వేలు దాన్ని రెండో రకం చేసింది.

దేవుడు ఆ తాడిచెట్టును నిలబెట్టలేదని ఇప్పుడు అనను. నిలబెట్టాడనే నమ్ముతాను. నా తప్పు చెబితే ఆయన కృప తగ్గిపోదు. తప్పు లేనివాడికి ఆ చెట్టుతో పనేముంది?

మాటలతో ఆపకుండా రెండు పనులు అడుగుతున్నాను. మొదటిది, ఇక మీద సభలకు, పెళ్లిళ్లకు మన సంఘం నుంచి ఒక్కరు కూడా సరుకుల బండి తొట్టిలోగాని, ట్రాక్టరు ట్రక్కులోగాని ఎక్కవద్దు. బస్సుకో ఆటోకో ఖర్చవుతుంది. ఆ ఖర్చు కానుకల్లోంచి తీద్దాం. చాలకపోతే తక్కువ సభలకు వెళ్దాం. రెండవది, సాక్ష్యం చెప్పాలని లేచేవాళ్లు, ఆ కథలో తమ వల్ల దెబ్బ తిన్నవాళ్లు ఎవరైనా ఉన్నారేమో ముందు ఇంట్లో కూర్చుని తలచుకోండి. ఉంటే మైకు దగ్గరికి రాకముందు వాళ్ల ఇంటికి వెళ్లండి. బలిపీఠం దగ్గర అర్పణ విడిచి ముందు సహోదరునితో సమాధానపడమని ప్రభువు చెప్పిన క్రమం అదే.

ఆ క్రమంలోనే నేనూ వెళ్లాను. ముందు సొట్ట వేశాను. చెంచా దీపం మీద కాచి, ఎడమ పక్క బోర్డుకు బయట నుంచి అదిమితే మెత్తబడి లోపలికి దిగింది. పైన రంగు పగిలింది. దాన్ని అలాగే ఉంచాను. బండి తీసుకుని ఆ సాయంత్రం మామ్మ కొడుకు ఇంటికి వెళ్లాను. పైన రాసిన నాలుగు సంగతులూ ఆయనకు, ఆయన భార్యకు చెప్పాను. మీ అమ్మ ఉండగా అడగాల్సింది, అడగలేదు, నన్ను క్షమించండి అన్నాను. ఈ వ్యాసం అందరూ చదివేలా పెడతానని చెప్పి అనుమతి తీసుకున్నాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. బొమ్మను ఒళ్లో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. పాప తన వేలు సొట్టలో పెట్టి చూసుకుంది.

"వెనక కుడి లైటు కూడా పగిలి ఉండేది గదండీ" అన్నాడు చివరికి.

నిజమే. ఆ సంగతి మరిచిపోయాను. ఇంటికి వచ్చి ఆ లైటు కూడా పగలగొట్టాను. బండి ఇప్పుడు మందిరం తలుపు దగ్గర, ఆ కుర్చీ ఉండే చోట కిటికీలో ఉంది. మీ పిల్లలు అడిగితే మొత్తం చెప్పండి.

మన ప్రభువైన యేసుక్రీస్తు కృప మీకందరికీ తోడై ఉండును గాక. ఆమేన్.